ఉబ్బసం ఉన్న పిల్లల గదిలో డస్ట్ మైట్లు: పరుపు దగ్గర మొదలుపెట్టండి

రాత్రి పడుకున్నాక దగ్గు, తెల్లవారుజామున పిల్లికూతలు, నిద్ర లేవగానే వరస తుమ్ములు. పగలు ఆరుబయట ఆడుకునేటప్పుడు మాత్రం అంత ఇబ్బంది ఉండదు. ఉబ్బసం ఉన్న పిల్లల్లో ఈ తీరు కనబడితే మొదట అనుమానించాల్సిన వాటిలో డస్ట్ మైట్లు ఒకటి. ఇంటి దుమ్ములో బతికే ఈ జీవులు కంటికి ఆనవు. పొడవు మిల్లీమీటరులో మూడో వంతుకు మించదు. ఎనిమిది కాళ్లుంటాయి, సాలీడుకు దగ్గరి జాతి. కుట్టవు, కరవవు, రోగాలు మోసుకురావు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తింటూ, గాల్లోని తేమనే ఒంట్లోకి లాక్కుంటూ బతికేస్తాయి. వేరే నీళ్లు అక్కర్లేదు.

బాధంతా వాటి మలంతో. ఒక్కో మైటు రోజుకు దాదాపు 20 గుళికలు విసర్జిస్తుంది. ఒక్కో గుళిక సుమారు 20 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో మైటు పేగులోని జీర్ణరసాలు అంటుకుని ఉంటాయి. వాటిలో ముఖ్యమైన ప్రొటీన్‌కు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు డెర్ పీ 1. అలర్జీ ఉన్న పిల్లల ఊపిరితిత్తుల్లో వాపు రేపేది ఇదే. చచ్చిన మైట్ల ఒంటి తునకలూ దీనికి తోడవుతాయి. మైటు చచ్చిపోయినా ఈ ప్రొటీన్ అంత త్వరగా చెడిపోదు, పరుపులో నెలల తరబడి అలాగే ఉంటుంది.

కాబట్టి మైట్లను చంపడం ఒక పని, అవి వదిలిన అలర్జీ పదార్థాన్ని తీసేయడం ఇంకో పని. ఎండకు వేస్తే మొదటిది జరుగుతుంది, రెండోది జరగదు. చల్లటి నీళ్లలో ఉతికితే రెండోది చాలావరకు జరుగుతుంది, మొదటిది జరగదు. చాలా ఇళ్లలో రెంటిలో ఒకటే చేసి, ఫలితం లేదని వదిలేస్తారు. కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఇది చంపుతుందా, తీసేస్తుందా, రెండూ చేస్తుందా అని చూసుకుంటూ చదవండి.

ముందు పరీక్ష, తర్వాత ఖర్చు

ఉబ్బసం ఉన్న పిల్లలందరికీ డస్ట్ మైట్ అలర్జీ ఉండదు. లేని పిల్లలకు ఈ శ్రమ వల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే పరుపుకు తొడిగే కవర్లు కొనే ముందు డాక్టరు దగ్గర అలర్జీ పరీక్ష చేయించండి. దీనికి రెండు దారులున్నాయి. స్కిన్ ప్రిక్ పరీక్షలో ముంజేతి మీద మైటు సారం చుక్క వేసి సన్నగా గుచ్చుతారు. 15 నుంచి 20 నిమిషాల్లో దద్దురు వస్తుందో లేదో చూస్తారు. పోల్చడానికి మైటు సారం లేని ఉత్త ద్రావణం పెట్టిన చోటి కన్నా 3 మిల్లీమీటర్లు పెద్ద దద్దురు లేస్తే అలర్జీ ఉన్నట్టు లెక్క. అలర్జీ మాత్రలు, కొన్ని దగ్గు సిరప్‌లు ఈ దద్దురును అణిచేస్తాయి. అవి వాడుతూ పరీక్ష చేయిస్తే లేదని తప్పుగా తేలుతుంది. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరును అడిగి ఆపండి. రెండో దారి రక్తపరీక్ష. దీనికి ఆ మందులు అడ్డురావు. చర్మం మీద ఎగ్జిమా (దురద, ఎర్రదనంతో వచ్చే చర్మపు వాపు) ఎక్కువగా ఉన్న పిల్లలకూ ఇదే నయం.

పరీక్ష రోజునే ఇంకో పని మొదలుపెట్టండి. ఒక నోటు పుస్తకంలో రోజూ నాలుగు విషయాలు రాయండి: రాత్రి దగ్గుతో ఎన్నిసార్లు లేచారు, పిల్లికూతలు వినిపించాయా, తక్షణ ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్ ఎన్ని పఫ్‌లు పడింది, పొద్దున తుమ్ములు ఎలా ఉన్నాయి. ఇంట్లో ఏమీ మార్చకముందు రెండు వారాల లెక్క చేతిలో ఉంటేనే, తర్వాత నిజంగా తేడా వచ్చిందో లేదో తెలుస్తుంది. గుర్తు మీద ఆధారపడితే మంచి వారం వచ్చినప్పుడల్లా తగ్గిందనుకుంటాం, జలుబు చేసినప్పుడల్లా ఇదంతా వృథా అనుకుంటాం.

రోజూ పీల్చే నివారణ మందును, ముఖ్యంగా స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను, ఇల్లు శుభ్రం చేశామన్న ధైర్యంతో ఆపకూడదు, తగ్గించకూడదు. ఉబ్బసం మూడు నెలల పాటు అదుపులో ఉన్నాక మందు తగ్గించవచ్చా లేదా అన్నది డాక్టరు చూస్తారు. ఇంట్లో చేసే ఈ పనులు ఆ మందుకు తోడు మాత్రమే.

పరుపే ఎందుకు

సోఫాలో, కార్పెట్‌లో, కర్టెన్లలో కూడా మైట్లుంటాయి. కానీ పిల్లలు రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు ముక్కు ఆనించి పడుకునేది పక్క మీదే. మైట్లకు కావలసిన మూడూ అక్కడే దొరుకుతాయి: ఒంటి వెచ్చదనం, చెమట తేమ, రాలే పొట్టు. పైగా మైటు మలపు గుళికలు బరువైనవి. దుమ్ము లేపినప్పుడు గాల్లోకి లేచి, 20–30 నిమిషాల్లో మళ్లీ కిందికి దిగిపోతాయి. అంటే కదలిక లేని గదిలో గాలిలో పెద్దగా ఉండవు. పిల్లవాడు పక్క మీద దొర్లినప్పుడు, దిండు మీద తల తిప్పినప్పుడు ముక్కు దగ్గరే లేస్తాయి.

ఎయిర్ ప్యూరిఫయర్ మైట్ల విషయంలో పెద్దగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. గది మూలనున్న యంత్రం పీల్చుకునేలోపు గుళిక ముక్కులోకో, కిందికో పోతుంది. పిల్లి అలర్జీ పదార్థం చాలా సన్నటి కణాలతో గంటల తరబడి గాల్లో తేలుతుంది కాబట్టి దానికి ప్యూరిఫయర్ కొంత ఉపయోగం. మైట్లకైతే ఆ డబ్బు పరుపు కవర్ల మీద పెట్టండి.

కవర్లు: ఏది కొనాలి, ఎలా తొడగాలి

పరుపును ఆరువైపులా మూసేసే జిప్ కవరు కావాలి. పైన మాత్రమే పరిచి నాలుగు మూలలా ఎలాస్టిక్‌తో పట్టే రకం ఇక్కడ పనికిరాదు. పక్కల నుంచి, అడుగు నుంచి అంతా బయటికి వస్తూనే ఉంటుంది. కవరు బట్టలో రంధ్రాలు 10 మైక్రాన్లకు మించకూడదు. 6 మైక్రాన్లున్న దట్టమైన నేత దొరికితే మరీ మంచిది, పిల్లి అలర్జీ పదార్థాన్ని కూడా ఆపుతుంది. అలర్జీ ప్రూఫ్ అని రాసి ఉంటే సరిపోదు, రంధ్రం కొలత రాశారా అని చూడండి. నేయకుండా పీచును అదిమి చేసిన కవర్ల కన్నా గట్టిగా నేసిన బట్ట మేలు. పీచు రకం పైపొర సందుల్లో దుమ్ము చేరుతుంది, అక్కడే కొత్త మైట్లు కాపురం పెడతాయి. లోపలివైపు ప్లాస్టిక్ పూత ఉన్నవి మైట్లను బాగానే ఆపుతాయి, కానీ ఉక్కపోతకు పిల్లలు చెమటతో తడిసి కవరు తీసేయమంటారు. గాలి ఆడే బట్ట కవరు కాస్త ఖరీదైనా పిల్లలు దాని మీద పడుకుంటారు, అసలు కావలసింది అదే.

కొలిచేటప్పుడు పొడవు, వెడల్పుతో పాటు పరుపు మందం కూడా రాసుకోండి. తప్పు జరిగేది ఎక్కువగా మందం దగ్గరే. బిగుతుగా ఉన్న కవరును లాగి జిప్ వేస్తే కుట్టు చీలుతుంది. మరీ వదులైతే ముడతలు పడి పిల్లలు కదిలినప్పుడల్లా పంపులాగా దుమ్మును బయటికి నెడుతుంది. జిప్ పళ్ల మధ్య నుంచి కూడా గుళికలు వస్తాయి, కాబట్టి జిప్ మీద బట్ట మడత కప్పి ఉండాలి. జిప్ ఆగే చివర చిన్న సందు మిగులుతుంది. అక్కడ వెడల్పాటి టేప్ అంటించి మూసేయండి.

పరుపుకు వేసి దిండును వదిలేస్తే లాభం లేదు. ముక్కుకు అన్నిటికన్నా దగ్గరుండేది దిండే. దిండుకూ జిప్ కవరు వేసి, దాని మీద మామూలు గలీబు తొడగండి. కప్పుకునేది లావుపాటి బొంతైతే దానికీ కవరు కావాలి. లేదా బొంత మానేసి వారంవారం వేడినీళ్లలో ఉతకగల పల్చటి దుప్పట్లు రెండు మూడు వాడండి. చేతనైతే ఈ రెండో మార్గమే సులువు. అదే గదిలో అన్నో చెల్లో పడుకునే మంచం ఉంటే దానికీ ఇదంతా చేయాలి. పిల్లవాడు అర్ధరాత్రి లేచి అమ్మానాన్నల మధ్య పడుకునే అలవాటుంటే ఆ పెద్ద పరుపుకూ కవరు తప్పదు. కవర్లు వేసినా రాత్రి దగ్గు తగ్గలేదంటే, వెతకాల్సిన మొదటి కారణం ఈ రెండో పక్కే.

పసిపిల్లల విషయంలో ఒక హెచ్చరిక. మామూలు ప్లాస్టిక్ షీటు, సంచులు కత్తిరించి పరుపుకు చుట్టకండి, అవి మూతికి అంటుకుంటే ఊపిరి ఆడదు. ఏడాదిలోపు పిల్లల పక్కలో దిండు, మెత్తటి బొమ్మ, లావుపాటి దుప్పటి అసలే ఉండకూడదు.

మొదలుపెట్టే రోజు పని

రోజుకు కొంచెం చొప్పున చేస్తే శుభ్రం చేసిన భాగంలోకి శుభ్రం చేయని భాగం నుంచి మళ్లీ చేరుతుంది. పక్కంతా ఒకే రోజు చేయండి. పిల్లవాడు ఆ పూట ఇంట్లో లేకుండా చూసుకోండి. చేసే వాళ్లు ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి, చేసేవాళ్లకూ అలర్జీ ఉంటే మరీను.

1. పక్క మీదవన్నీ మెల్లగా మడిచి, దులపకుండా, నేరుగా సంచిలో వేసి ఉతికే చోటికి తీసుకెళ్లండి. గదిలో దులిపితే కాసేపటికి ఆ దుమ్మంతా పరుపు మీదే పడుతుంది.

2. పరుపును ఎండ తగిలే చోట మూడు నాలుగు గంటలు పెట్టండి, సగంలో తిప్పండి. ఎండ వేడికి, పొడి గాలికి పైపొర మైట్లు చస్తాయి. మందపాటి పరుపు నడిమధ్యకు ఆ వేడి చేరదు, మైట్లు అక్కడికి జరిగిపోతాయి. అందుకే ఎండ ఒక్కటే సరిపోదు. ఎండ లేని ఇల్లైతే ఈ మెట్టు వదిలేయండి, కవరు ఉంటే అంత నష్టం లేదు.

3. పరుపు రెండు వైపులా, నాలుగు అంచులా, కుట్ల వెంబడి వాక్యూమ్ చేయండి. చదరపు మీటరుకు కనీసం రెండు నిమిషాలు పట్టాలి. తొందరగా లాగేస్తే పైనున్న దుమ్మే వస్తుంది. వాక్యూమ్ బతికున్న మైట్లను పెద్దగా లాగలేదు, అవి పీచును కాళ్లతో గట్టిగా పట్టుకుంటాయి. మలం, పొట్టు మాత్రం వస్తాయి.

4. మంచం చట్రం, పట్టీలు, తలవైపు పలక తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

5. పరుపు లోపల ఏ మాత్రం తడి లేదని చేత్తో నొక్కి చూసుకుని కవరు తొడగండి. తడి పరుపును మూసేస్తే లోపల బూజు పడుతుంది. ఉబ్బసానికి బూజు ఇంకో శత్రువు.

6. నేల తుడిచి, అరగంట తలుపు మూసి దుమ్ము దిగనిచ్చి, ఇంకోసారి తడిగుడ్డతో తుడవండి. ఆ తర్వాతే ఉతికి ఆరిన దుప్పట్లు పరచండి.

పదేళ్లు దాటిన పాత దూది పరుపు, గడ్డలు కట్టిన దిండు ఉంటే కవరు వేసే ముందు మార్చేయడం మంచిది. కొత్త పరుపు కొన్నా కవరు మాత్రం మొదటి రోజే వేయాలి. కొన్ని నెలల్లోనే కొత్తదానిలోనూ మైట్లు చేరతాయి.

ఉతకడం

దుప్పట్లు, గలీబులు వారానికొకసారి 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ఉతకాలి. 55 డిగ్రీల కన్నా తక్కువైతే చాలా మైట్లు బతికిపోతాయి. చంపడం, తీసేయడం రెండూ ఒకేసారి అయ్యే పని ఇదొక్కటే, అందుకే ఇది తప్పనిసరి. వాషింగ్ మెషీన్‌లో 60 అని పెట్టినా, డ్రమ్ము నిండా కుక్కితే లోపలి మడతలకు ఆ వేడి చేరదు. మూడింట రెండొంతులకు మించి నింపకండి. ఎనర్జీ సేవింగ్ లాంటి పొదుపు ప్రోగ్రాముల్లో కొన్ని 60 అని చూపించినా నీళ్లు అంత వేడెక్కవు, కాబట్టి మామూలు కాటన్ ప్రోగ్రామ్ వాడండి. సబ్బు వాసన మిగిలితే అది కూడా ఊపిరితిత్తులను రేపవచ్చు. వాసన లేని డిటర్జెంట్ వేసి, ఒకసారి ఎక్కువ జాడించండి.

వేడినీళ్ల మెషీన్ లేకపోతే బకెట్ చాలు. మరిగిన నీళ్లు ఒక వంతు, 30 డిగ్రీల మామూలు నీళ్లు ఒక వంతు కలిపితే 65 డిగ్రీల దాకా వస్తుంది. బట్టలు వేయగానే కొంత తగ్గుతుంది. థర్మామీటరుతో చూసి, 60 దగ్గర ఉండేలా మూత పెట్టి 20 నిమిషాలు నానబెట్టండి. తర్వాత మామూలుగా ఉతకండి. ఈ నీళ్లు కొన్ని సెకన్లలోనే పిల్లల చర్మాన్ని కాల్చేస్తాయి, బకెట్‌ను పిల్లలకు అందని చోట పెట్టండి. చేతులు పెట్టకుండా కర్రతో తిప్పండి.

వేడికి పాడయ్యే ఉన్ని దుప్పటి, రంగుల బట్ట మాటేమిటి? చల్లటి నీళ్లలో ఉతికినా అలర్జీ పదార్థంలో ఎక్కువ భాగం నీళ్లలో కరిగి పోతుంది. బతికున్న మైట్లే మిగులుతాయి. డ్రైయర్ ఉంటే 55 డిగ్రీలు దాటే వేడిలో బట్టలు పూర్తిగా పొడిబారాక ఇంకో 15 నిమిషాలు తిప్పితే అవీ చస్తాయి.

మెత్తటి బొమ్మలకు వరస తిరగేయాలి. బొమ్మను గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 24 గంటలు ఉంచండి, పెద్ద బొమ్మైతే 48 గంటలు. ఫ్రిజ్ పైభాగంలోని మంచు అరలో అంత చల్లదనం రాకపోవచ్చు, ఓసారి కొలిచి చూడండి. ఫ్రీజర్ మైట్లను చంపుతుంది కానీ మలాన్ని అలాగే ఉంచుతుంది. అందుకని బయటికి తీశాక చల్లటి నీళ్లలో ఉతికి, లోపలి దూది దాకా ఆరబెట్టాలి. నెలకొకసారి ఇలా చేస్తే చాలు. పక్కలోకి తెచ్చుకునే బొమ్మ ఒక్కటే ఉండేలా పిల్లలతో ఒప్పందం చేసుకోండి. ఇష్టమైన బొమ్మలన్నీ లాగేసుకుంటే ఈ యజ్ఞం వారం కూడా సాగదు. అచ్చం అలాంటి బొమ్మ ఇంకొకటి దొరికితే ఒకటి ఫ్రీజర్‌లో, ఒకటి పక్కలో ఉంచవచ్చు.

పరుపు, దిండు కవర్లను వారంవారం ఉతకక్కర్లేదు, అలా ఉతికితే నేత త్వరగా వదులవుతుంది. దుప్పటి మార్చిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, తయారీదారు చెప్పినట్టు రెండు మూడు నెలలకోసారి ఉతకండి.

గదిలో మిగతావి

చీపురు, పొడిగుడ్డ, ఈకల కుంచె ఇవన్నీ దుమ్మును గాల్లోకి లేపే పనిముట్లు. నేలను తడిగా తుడవండి. అరలు, కిటికీ అంచులు, ఫ్యాన్ రెక్కలు తడిగుడ్డతో తుడవండి. ఫ్యాన్ రెక్కకు పాత దిండు గలీబు తొడిగి వెనక్కి లాగితే దుమ్ము దాని లోపలే పడుతుంది. పై నుంచి కిందికి రావాలి, నేల ఆఖరున. ఈ పనయ్యాక కనీసం అరగంట పిల్లలను గదిలోకి రానివ్వకండి.

వాక్యూమ్ క్లీనర్‌కు హెపా ఫిల్టర్ ఉండాలి. 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపే ఫిల్టర్‌కు ఆ పేరు. ఫిల్టర్ లేని పాత యంత్రం ముందు నుంచి పీల్చిన దుమ్మును వెనక నుంచి గదిలోకి ఊదుతుంది, అలాంటిది వాడే కన్నా తడిగుడ్డే నయం. సంచి ఉన్న రకమైతే సంచితోపాటే పారేయవచ్చు. డబ్బా రకాన్ని ఖాళీ చేసేటప్పుడు దుమ్మంతా మొహం మీదికి లేస్తుంది, ఆ పని ఆరుబయట మాస్క్ పెట్టుకుని చేయండి.

గోడ నుంచి గోడ దాకా పరిచిన కార్పెట్ పిల్లల గదిలో వద్దు. తీయలేకపోతే వారానికి రెండుసార్లు హెపా వాక్యూమ్ చేయాలి, అయినా అడుగున ఉండేవి ఉంటాయి. ఆవిరితో శుభ్రం చేస్తే మైట్లు చస్తాయి కానీ కార్పెట్ తడిగా మిగిలితే మిగిలిన వాటికి అదే విందు. చిన్న రగ్గులైతే ఉతికి ఎండకు వేయవచ్చు. బరువైన కర్టెన్ల బదులు ఉతికే పల్చటివి లేదా తుడిచే రోలర్ బ్లైండ్లు వేయండి. పుస్తకాలు, బట్టలు తలుపులున్న అల్మరాలో పెట్టండి, మంచం కింద సామాను ఉంటే మూతున్న పెట్టెల్లో ఉంచండి. నెలల తరబడి పెట్టెలో ఉన్న స్వెటర్లు, ఉన్ని దుప్పట్లు వాడే ముందు ఉతికి తీరాలి. చలికాలం మొదట్లో ఉబ్బసం ఉన్నట్టుండి పెరగడానికి ఒక్కోసారి ఆ స్వెటరే కారణం.

రెండంతస్తుల మంచం ఉంటే ఉబ్బసం ఉన్న పిల్లవాడు కింద పడుకోకూడదు, పై పరుపు దుమ్ము వాడి మీదే రాలుతుంది. అయితే ఆరేళ్లలోపు పిల్లలను పైన పడుకోబెట్టకూడదు, పడిపోయే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు రెండు మంచాలను విడదీయడమే మార్గం.

తేమ

ఒంట్లోకి తేమ లాక్కోలేకపోతే మైట్లు మెల్లమెల్లగా ఎండి చస్తాయి. 70 నుంచి 80 శాతం తేమలో బాగా పెరుగుతాయి, 50 శాతం కన్నా తక్కువైతే నిలదొక్కుకోలేవు. స్విట్జర్లాండ్‌లోని దావోస్ 1,500 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది, మైట్లు చాలా తక్కువ. మైట్ అలర్జీ ఉన్న పిల్లలు అక్కడ నెలల పాటు ఉన్నప్పుడు ఉబ్బసం తగ్గినట్టు చూశారు. ఇంట్లో దావోస్ తయారు చేయలేం కానీ, కొంత చేయవచ్చు.

గాలిలో తేమను కొలిచే చిన్న హైగ్రోమీటరు కొని మంచం పక్కన, కిటికీకీ స్నానాల గదికీ దూరంగా పెట్టండి. పొద్దున, రాత్రి చూసి రాసుకోండి. తడి బట్టలు పిల్లల గదిలో ఆరేయకండి. నీటితో పనిచేసే కూలర్లు, గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్లు గదిలో తేమ పెంచుతాయి, పొడి వాతావరణంలో కూడా కూలర్ ఉన్న ఇళ్లలో మైట్లు ఎక్కువవుతాయి. ఎయిర్ కండిషనర్ తేమ తగ్గిస్తుంది, దానిలోని డ్రై మోడ్ అందుకే. దాని జాలీని రెండు వారాలకోసారి కడగండి. గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫయర్ వాడితే తలుపులు కిటికీలు మూసే వాడాలి, తెరిచి ఉంచితే బయటి తేమను తోడుతూ కూర్చుంటుంది.

కిటికీలు తెరవడం మంచిదే, బయటి గాలి లోపలి గాలి కన్నా పొడిగా ఉన్నప్పుడు. వాన రోజుల్లో తెరిస్తే తేమ లోపలికే వస్తుంది. రోజులో కొన్ని గంటలే తేమ దొరికినా మైట్లు దాంతో నెట్టుకొస్తాయి. అందుకని రోజుకు ఒక గంట డీహ్యూమిడిఫయర్ వేసి ఆపేస్తే కరెంటు ఖర్చే. ఏడాదంతా తేమగా ఉండే చోట 50 శాతం సాధించడం కష్టం, అక్కడ దీని వెంట పడకుండా కవర్ల మీద, ఉతకడం మీద శ్రమ పెట్టండి.

పొద్దున లేవగానే పక్క సర్దేసి పైన బెడ్ కవర్ కప్పకండి. రాత్రి చెమట తేమ లోపలే ఉండిపోతుంది. దుప్పటి కాళ్ల వైపుకి మడిచి ఒక గంట గాలికి వదిలి, ఆ తర్వాత సర్దండి.

కొనక్కర్లేనివి, వాడకూడనివి

మైట్లను చంపే స్ప్రేలు, పొడులు పరుపు లోతుకు చేరవు, చచ్చిన వాటి మలం అలాగే ఉంటుంది, మందు వాసనే పిల్లల ఊపిరితిత్తులను రేపవచ్చు. టానిక్ ఆమ్లం ద్రావణం అలర్జీ ప్రొటీన్‌ను విరగ్గొడుతుంది కానీ మైట్లను చంపదు, కొద్ది రోజులకు మళ్లీ మామూలే, పైగా బట్ట మీద మరకలు పడతాయి. శబ్ద తరంగాలతో మైట్లను తరిమేస్తామనే పరికరాలను నమ్మకండి. ఓజోన్ వదిలే యంత్రాలను మాత్రం ఉబ్బసం ఉన్న ఇంట్లో అసలు పెట్టకూడదు, ఓజోన్ ఊపిరితిత్తులకు నేరుగా హాని చేసే వాయువు. పరుపు మీద నూనెలు, అత్తర్లు చల్లడం కూడా అలాంటిదే.

ఇంత చేస్తే ఫలితం ఎంత

ఈ విషయంలో పరిశోధనలు ఒకే మాట చెప్పవు. 2003లో పెద్దలపై జరిగిన పెద్ద అధ్యయనంలో పక్క కవర్లు మాత్రమే వాడితే ఉబ్బసంలో తేడా కనబడలేదు. 2004లో అమెరికా నగరాల్లో 937 మంది పిల్లల ఇళ్లలో కవర్లు, హెపా వాక్యూమ్, బొద్దింకల నివారణ, పొగాకు పొగ తగ్గించడం లాంటివి పిల్లల అలర్జీని బట్టి కలిపి చేస్తే లక్షణాలున్న రోజులు తగ్గాయి. ఇంగ్లండ్‌లో 2017లో వెలువడిన అధ్యయనంలో, ఉబ్బసం తీవ్రమై ఆసుపత్రికి వచ్చిన 284 మంది మైట్ అలర్జీ పిల్లల్లో, అసలు కవర్లు వేసినవారిలో 29 శాతం మంది ఏడాదిలోపు మళ్లీ ఆసుపత్రికి వచ్చారు. పోలిక కోసం మైట్లను ఆపని ఉత్తుత్తి కవర్లు వేసినవారిలో 41 శాతానికి పైగా వచ్చారు. నోటి ద్వారా స్టెరాయిడ్ వాడాల్సి రావడంలో మాత్రం రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. వీటిని కలిపి చూస్తే మాకు తోచేది ఇది: అలర్జీ రుజువైన పిల్లల్లో, అన్నీ కలిపి, విడవకుండా చేస్తే ఉపయోగం ఉంది. అలర్జీ లేని వాళ్లకు, లేదా ఏదో ఒకటి చేసి ఆపేసేవాళ్లకు లేదు.

కవరు వేసిన రోజే పరుపు పైన అలర్జీ పదార్థం బాగా తగ్గినా, ఊపిరితిత్తుల వాపు అంత త్వరగా తగ్గదు. నెల నుంచి మూడు నెలల దాకా ఓపిక పట్టండి. మూడు నెలలయ్యాక నోటు పుస్తకం మొదటి రెండు వారాలతో పోల్చండి. తేడా లేకపోతే వరసగా ఇవి చూడండి: జిప్ చివరి టేప్ ఊడిందా, కవరు కుట్టు చీలిందా, ఉతుకుతున్న నీళ్లు నిజంగా 60 ఉన్నాయా, పిల్లవాడు ఇంకెక్కడైనా పడుకుంటున్నాడా, రోజూ కూర్చుని టీవీ చూసే బట్ట సోఫా ఉందా, గోడ మీద బూజు లేదా బొద్దింకలు ఉన్నాయా, ఇంట్లో ఎవరైనా పొగ తాగుతున్నారా. పొగ తాగేవాళ్లు వరండాలో తాగి వచ్చినా బట్టలకు అంటిన పొగ పిల్లల దాకా వస్తుంది, అక్కడ కవర్లు ఏమీ చేయలేవు. ఇన్‌హేలర్‌ను పిల్లవాడు సరిగా పీలుస్తున్నాడా, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) వాడుతున్నాడా అని కూడా డాక్టరు ఎదుట ఒకసారి చేయించి చూడండి. మందు సగం నాలుక మీదే పడిపోతుంటే పరుపును తప్పుబట్టి లాభం లేదు.

ఇవన్నీ సరిగా ఉన్నా లక్షణాలు తగ్గకపోతే మైట్ సారాన్ని కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటిని దానికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ గురించి అలర్జీ నిపుణుణ్ణి అడగవచ్చు. ఇంజెక్షన్లుగా గానీ నాలుక కింద పెట్టే మాత్రలు, చుక్కలుగా గానీ ఇస్తారు, సాధారణంగా మూడేళ్లు వాడాలి. ఉబ్బసం అదుపులో లేనప్పుడు మొదలుపెట్టరు.

పిల్లవాడు మాట పూర్తి చేయలేక ఆగుతున్నా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుతున్నా, పెదవులు నీలంగా మారినా, ఉపశమన ఇన్‌హేలర్ వేసినా ఆయాసం తగ్గకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలోనూ ఇన్‌హేలర్ వేస్తూ ఉండండి.